ఇంజను తీసేసిన పడవ

ధవళేశ్వరం,
1859 ఆగస్టు 31.

నా పడవలోంచి ఇంజను పీకించేరు. నన్నడగలేదు. పీకించేకయినా ఒక ముక్క రాయలేదు. కొబ్బరికాయల పడవ వేసుకుని ఇక్కడికొచ్చిన ఇస్సాకు చెబితే తెలిసింది నాకు.

“మీ సఖినేటిపల్లి రేవులో చూసేనండీ. ఒడ్డుమీద బురదలో పడుంది మీ ఇంజను. పొగగొట్టం ఓ పక్క, చక్రం ఓ పక్క. పడవకి మళ్ళీ తెరచాప కొయ్య ఎత్తేరు” అన్నాడు. చెబుతూ నవ్వేడు. ఇక్కడ ఆనకట్ట కార్ఖానాలో అందరూ నవ్వేరు. “ఏరా జగ్గయ్యా, మీ బావగారికి నీ పొగపడవ అరగలేదేంట్రా?” అన్నాడు మేస్త్రీ. చేతిలో ఉన్న ఆకురాయి నేలకేసి కొట్టేను. అది రెండు ముక్కలైంది. దానికీ తిట్లు తిన్నాను.

అప్పలస్వామి బావగారూ, ఆ పడవ ఎవరిదో మీకు గుర్తు చెయ్యాలా? మా నాన్నది. ఆయన పోయేక దాన్ని మీ రేవులో కట్టేం, చూసుకుంటారని. మా నాన్న ఎలా పోయేడో కూడా గుర్తు చెయ్యాలా? జనాన్ని పంటు మీద ఎక్కించుకుని వసిష్ఠ పాయ దాటిస్తున్నాడు. తెరచాప ఉంది, గెడలున్నాయి, గెడలెయ్యడానికి మగాళ్ళున్నారు. గాలి పడిపోయింది. ఏరు ఆయన్ని అంతర్వేది దాకా ఈడ్చుకుపోయి సముద్రంలో కలిపేసింది. గాలిని నమ్ముకున్న పడవలో నావాళ్ళెవరూ ఎక్కకూడదని ఆరోజే అనుకున్నాను. ఎవరూ నేర్పకుండానే చదువు నేర్చుకున్నది, ఈ ఇనప సామాన్ల మధ్య పడి ఉంటున్నది అందుకే.

ముందు పెట్టింది సానరాయి తిప్పే చిన్న ఇంజను. కాలవలో బాగానే పరిగెత్తింది గాని ఏట్లోకి దిగేసరికి ఆయాసం తెచ్చుకుంది. “నీ ఇంజనుకి ఈత రాదోయ్” అని మీరే నవ్వేరు. సరేనని దాన్ని తీసేసి, ఆనకట్ట పునాదుల్లో నీళ్ళు తోడితోడి తుక్కులో చేరిన పెద్ద ఇంజను పెట్టేను. పట్టుకుపొమ్మన్నది మేస్త్రీయే. సెలవు దొరికిన ప్రతి పూటా తుప్పు గీకేను. చక్రానికి పనస చెక్కతో రెక్కలు చెక్కేను. పొగగొట్టం రేకులు వంచి నేనే కొట్టేను. పడవ అడుగు ఆ బరువు ఆపదని నరసాపురం ఓడపనివాళ్ళని బతిమాలి టేకు దుంగలు అడ్డంగా వేయించేను. ఆవిరి మూత పోత పోయడానికి ఇత్తడి లేకపోతే అమ్మ బిందె కరిగించేను. అక్క తిడుతూనే తెచ్చి ఇచ్చింది ఆ బిందె.

అలాంటి దాన్ని బురదలో పారేసేరు.

ఇంజను మళ్ళీ పడవలోకి ఎక్కించండి. ఎందుకు తీసేరో రాయండి. సెప్టెంబరు పదో తారీకు లోపు మీ జవాబు అందకపోతే మీరు నాకు బావ కారు. అక్కకి మాత్రం నేను తమ్ముణ్ణే.

జగ్గయ్య


సఖినేటిపల్లి,
సిద్ధార్థి, భాద్రపద శుద్ధ నవమి.

చిరంజీవి జగ్గయ్యకి,

మీ బావ అప్పలస్వామి నీ క్షేమం కోరి రాస్తున్నాడు. నీ ఉత్తరం అందింది. కోపంలో రాసినా అక్షరాలు కుదురుగా ఉన్నాయి. నేను వీధిబడిలో దెబ్బలు తిని నేర్చుకున్నదానికంటే నువ్వు నీ అంతట నేర్చుకున్నదే బాగుంది.

ఇంజను తీయించింది నేనే. ఎవరి మాటా విని కాదు. ఈ ఏటి వరద నువ్వు చూడలేదు. లంకల్లో పాకలు కప్పుల దాకా మునిగిపోయేయి. వసిష్ఠ ఇటు గట్టూ అటు గట్టూ తెలియకుండా పారింది. పడవకి దెబ్బ తగిలింది. పలకలు కదిలి, సందుల్లో పెట్టిన పీచూ గుగ్గిలమూ ఊడి నీరు కారుతోంది. అంత బరువు ఇంకా దాని మీద ఉంచడం నాకు మంచిదనిపించలేదు. జనం ఏరు దాటాలి కాబట్టి తెరచాప ఎత్తేం. నీ ఇంజను సామాన్లు ఏవీ పోలేదు. బురదలోంచి తీయించి కొబ్బరాకులు కప్పించేను.

రేవు దగ్గర కొత్తగా ఇసకమేట వేసింది. పంటు చుట్టు తిరిగి వెళ్ళాల్సి వస్తోంది. ఎర్రనీటికి పులస చేపలు బాగా ఎక్కేయి. మన వలలో కూడా పడ్డాయి. మేం వండుకోలేదు. దొరబాబు గారింటికి పంపేసేను.

నీ మేనకోడలు వీరవేణి రోజంతా నాతో పాటు పడవలోనే ఉంటోంది. దాని తల నేనే దువ్వుతున్నాను. పాపిడి వంకర తీస్తున్నానని రేవులో ఆడవాళ్ళు నవ్వుతున్నారు.

నువ్వు ఇప్పుడే బయల్దేరి రావద్దు. కాలవ గట్లు చాలాచోట్ల తెగేయి. పని పోగొట్టుకోవద్దు. కార్తీకంలో నీళ్ళు తీసేక రా. కూర్చుని మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి. ఉత్తరంలో రాసేవి కావు.

వేళకి అన్నం తింటూ ఉండు.

మీ బావ
అప్పలస్వామి


ధవళేశ్వరం,
సెప్టెంబరు 11.

పులసలు దొరబాబు గారింటికి పంపేరా! అయితే నాకు అంతా తెలిసిపోయింది.

వలలో పడ్డ పులసని వండుకోకుండా ఇంకొకరి గుమ్మానికి మోసుకెళ్ళే ఇల్లు ఈ గోదావరి పొడుగునా ఎక్కడైనా ఉందా? అదీ ఎవరికి? రేవుని వేలంపాటలో పాడుకుని, పంట్లు తిప్పుకుని బతికే దొరబాబు గారికి! నా పడవ ఇంజనుతో తిరిగితే ఆయన పంట్లు ఎవరెక్కుతారు? ఆయన కూర్చోబెట్టి మాట్లాడి ఉంటాడు. మీరు “ఆయ్, అలాగేనండీ” అని ఉంటారు. అవునా? మీ నోటికి ఆ మాట తప్ప ఇంకోటి ఎప్పుడొచ్చింది కనక!

వరద కబుర్లూ పీచు కబుర్లూ నాకు చెప్పొద్దు. వరద వచ్చిందని ఇంజను తీసేస్తారా? వరద కోసమే కదా అది! ఆషాఢంలో లంకలోంచి నొప్పులు పడుతున్న పిల్లని ఎదురు ఏట్లో దాటించింది ఆ పడవేనని మీరే రాసేరు. పంటువాళ్ళు గెడలు కింద పెట్టేసి కూర్చుంటే మా అక్క బాయిలరుకి నిప్పేసుకుని వెళ్ళిందని రాసేరు. అప్పుడు మీ చేతిరాతలో గర్వం కనబడింది నాకు. ఇప్పుడేమైంది?

అక్క ఊరుకుందా? మీరు ఇంజను విప్పిస్తుంటే మా సూర్యావతి అక్క చేతులు కట్టుకుని చూస్తూ నిలబడిందా? నేను నమ్మను. వైశాఖంలో పెద్ద ఇంజనుతో పడవ మొదటిసారి ఏట్లోకి దింపినరోజు మీరు ఒడ్డున బిగుసుకుపోయి నిలబడ్డారు. “నేను తరవాత ఎక్కుతాలేవోయ్, ముందు నువ్వు తిప్పి చూడు” అన్నారు. అక్క చీర కుచ్చిళ్ళు దోపుకుని గబగబా ఎక్కేసింది.

“మీరు గాజులేసుకుని ఇంట్లో కూకోండి. నేనూ నా తమ్ముడూ నర్సాపురం ఎల్లి సంత చేసుకొత్తాం” అంది. రేవంతా గొల్లుమంది. మీరూ నవ్వేరు.

మీకు ఎన్నిసార్లు చెప్పినా బాయిలరు సంగతి బుర్రకెక్కలేదు. ఆవిరేంటి, చక్రం తిరగడమేంటి అని నోరు తెరిచేరు. అక్కకి నేను ఒకే ఒక్క మాట చెప్పేను. “ఇది నువ్వు చవితికి పొట్టిక్కలు వండే కుండేనే అక్కా! అడుగున నీళ్ళు, దాని కింద మంట. పనసాకు బుట్టల్లో పిండిని ఉడికించే ఆవిరే ఇక్కడ చక్రాన్ని తోస్తుంది. నీకు తెలియంది ఇందులో ఏం లేదు” అన్నాను. “ఓస్, ఇంతేనా! ఈ మాత్రానికా నువ్వు ధవళేశ్వరంలో అన్నేళ్ళు గడ్డి పీకేవు?” అంది. ఆ పూటనుంచి మంట దగ్గర అక్కే. కొబ్బరి డొక్క ఎప్పుడెయ్యాలో మడ అడవి కట్టె ఎప్పుడెయ్యాలో నాకంటే బాగా తెలిసింది. ఆ బాయిలరు చుట్టూ పసుపు బొట్లు కూడా పెట్టింది. “ఇనపదున్నరా ఇది, మేత ఎక్కువ, పేడ లేదు” అని దానికో పేరు పెట్టింది.

అలాంటి మనిషి ఈ సంగతి మీద ఏమీ అనలేదా? మీ ఉత్తరంలో ఆవిడ ఊసే లేదు. ఆవిడ నోరు నొక్కేరా? వీరవేణి తల మీరెందుకు దువ్వుతున్నారు? అక్క మీతో మాట్లాడ్డం మానేసి ఉంటుంది. మంచి పని చేసింది.

అక్క ఏమందో రాయండి. వెంటనే.

జగ్గయ్య


సఖినేటిపల్లి,
భాద్రపద బహుళ పంచమి.

జగ్గయ్యా,

నన్నేమన్నా అను. దొరబాబు గారిని అనకు. నువ్వు అనుకుంటున్నది ఏదీ జరగలేదు. ఆయన పంట్ల సంగతి ఆయనది, మన పడవ సంగతి మనది. ఆయన మన మేలు కోరేవాడే. అంతకంటే ఇప్పుడు రాయలేను.

అడిగేవు కాబట్టి ఉన్నది చెబుతున్నాను. నీ ఆవిరి కాగు పగిలింది. వరదలో జనాన్ని లంకలోంచి తెస్తున్నరోజు. మంట దగ్గర నేనే కూర్చున్నాను. నాకు చేతకాక కట్టె ఎక్కువ వేసేసేను. తప్పు నాది. నీ పనిలో లోపం ఏమీ లేదు. అది మాత్రం నువ్వు మనసులో పెట్టుకో. నీ చేతిపని గట్టిది.

నా కుడిచెయ్యి కాలింది. కొబ్బరినూనె రాస్తున్నాం, మానుతోంది. ఈ అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి. చుక్కాని ఎడంచేత్తో పడుతున్నాను.

పగిలిన దాన్ని పడవలో చూస్తూ ఏరు దాటలేకపోయేను. అందుకని విప్పించేను. ఇంకేం లేదు.

మీ అక్క ఏమందని అడిగేవు. మీ అక్క నిన్ను తలుచుకోని పూట లేదు. ఎక్కడ ఇనుము చప్పుడైనా నీ పేరే ఎత్తేది. నీకు ఆ మాట చాలదా?

నువ్వు రావద్దని మళ్ళీ చెబుతున్నాను. కార్తీకం దాకా ఓపిక పట్టు. నా మీద ఏమాత్రం గౌరవమున్నా ఈ ఒక్క మాట విను.

మీ బావ
అప్పలస్వామి


ధవళేశ్వరం,
సెప్టెంబరు 21.

మీకు అబద్ధం రాయడం చేతకాదు.

కట్టె ఎక్కువైతే బాయిలరు పగలదు. పగలకుండా ఉండటానికే ఆ ఇత్తడి మూత. లోపల ఆవిరి హద్దు దాటితే దాని అంతట అదే పైకి లేస్తుంది, మిగిలింది బయటికి వదిలేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. అమ్మ బిందెతో చేసింది కాబట్టి ఇంకా జాగ్రత్తగా చేసేను. ఇక్కడ కార్ఖానాలో పెట్టి, మేస్త్రీ పారిపోయేటంత మంట వేసి చూసేను. ప్రతిసారీ లేచింది. అది లేవకపోయిందంటే ఎవరో దాన్ని లేవనివ్వలేదు. ఎవరి చెయ్యో ఆ మూత మీద పడింది.

అది మీ చెయ్యి కాదు. మీరు మంట దగ్గర కూర్చునే మనిషే కాదు. చుక్కాని వదిలి మీరు ఇటు రారు. అక్క చెయ్యా? అక్కకి నేనే నేర్పేను. ఆవిడ తప్పు చెయ్యదు. అంటే జనాన్ని తెస్తున్న గోలలో బయటివాడు ఎవడో ఎక్కేడు. దొరబాబు మనుషులు అక్కడ తిరుగుతూనే ఉంటారు. వాళ్ళలో ఒకడు మూత బిగించేసేడు. మీకు తెలుసు. తెలిసి, మీ చెయ్యి కాలినా నోరు విప్పక, తప్పు నెత్తినేసుకుంటున్నారు. ఎందుకు? భయమా? రేవులో ఉండనివ్వరనా?

మీరు భయపడితే పడండి. నేను భయపడను. తాసీల్దారు కచేరీలో ఇవ్వడానికి అర్జీ రాసేను. దొరబాబు పేరు రాసేను. పడవ నిండా జనం ఉండగా బాయిలరు పగలగొట్టించేడని రాసేను. ఎవరైనా చచ్చి ఉంటే ఉరి వేసేవారని ఇక్కడి గుమాస్తా అన్నాడు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. మీరు ఆ మనిషి పేరు చెప్పకపోతే దొరబాబు పేరు మీదే అర్జీ వెళ్తుంది.

ఇంకో సంగతి. ఇస్సాకు పడవ కిందికి వస్తోంది. అతనితో అక్కకి చీర పంపుతున్నాను. రాజమహేంద్రవరం బజారంతా తిరిగి కొన్నాను. పసుప్పచ్చ చీర, ఎర్రంచు. అమ్మా నాన్నా పోయేక పుట్టింటి చీర పెట్టేవాడు లేడని అక్క ఎప్పుడూ అనుకోకూడదు. అక్క చేతికే ఇమ్మన్నాను, మీ చేతికి ఇవ్వొద్దన్నాను. కట్టుకుని దసరాకి అమ్మవారి గుడికి వెళ్ళమనండి. అంచు నచ్చిందో లేదో చెప్పమనండి. నచ్చలేదనే అంటుంది. అయినా చెప్పమనండి.

జగ్గయ్య


సఖినేటిపల్లి,
ఆశ్వయుజ శుద్ధ విదియ.

జగ్గయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. పక్కన ఎవరినైనా ఉంచుకో నాయనా.

నిన్న ఇస్సాకు వచ్చేడు. నేను రేవులోంచి ఇంటికి వస్తున్నాను, అప్పటికే వాకిట్లో నిలబడి కేకేస్తున్నాడు. “అమ్మగారూ, తమ్ముడుగారు చీర పంపేరండీ!” పక్కింటి పైడమ్మ లోపల వీరవేణికి అన్నం పెడుతోంది. ఎంగిలి చేత్తోనే బయటికొచ్చింది.

“ఎవరికి బాబూ చీర?”

“సూర్యావతమ్మ గారికండీ. ఆవిడ చేతికే ఇమ్మన్నారండీ.”

పైడమ్మ బావురుమంది. ఇస్సాకు వెనక్కి తిరిగి నన్ను చూసేడు.  అతనికి అర్థమైంది. ఆ మూట ముందు పైడమ్మ వైపు, తరవాత నా వైపు చాపేడు. ఎవరికివ్వాలో తెలియలేదు పాపం.

మీ అక్క లేదు జగ్గయ్యా. శ్రావణ బహుళంలో, వరద మధ్యలో పోయింది.

ఎలాగన్నది రాయకూడదనుకున్నాను. నువ్వు అర్జీ ఇస్తానంటున్నావు. ఏ పాపం ఎరగనివాళ్ళ మీద నింద పడుతుంది. కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు పంట్లు ఏట్లోకి దిగలేకపోయేయి. మన పడవే తిరిగింది. చుక్కాని నాది, మంట మీ అక్కది. లంకలోంచి జనాన్ని ఎక్కించి తేవడం, దింపడం, మళ్ళీ వెళ్ళడం. కడసారి తెచ్చినవాళ్ళు తట్టాబుట్టా, కోళ్ళూ, ఆఖరికి రోలూ పొత్రమూ కూడా వేసుకొచ్చేరు. ఒడ్డున నేను పడవ కట్టి సామాన్లు దింపిస్తున్నాను. చక్రం ఆగి ఉంది. మూత లేచి బుస్సుమని ఆవిరి కారుతోంది. లంకలో ముసలివాళ్ళు ఇంకా మిగిలేరు. తడికట్టెతో మళ్ళీ ఆవిరి పట్టడం చాలాసేపు.

“ఏవండీ, మూత కారతా ఉంది. ఆవిరంతా దండగైపోతే లంకకి ఎలా ఎల్తాం?” అని అరిచింది. నేను “ఉండు, వస్తున్నా” అన్నాను. చంకలో ఎవరి పిల్లో ఉంది నాకు.

చవితికి పొట్టిక్కలు వండేటప్పుడు కుండ మూత లేస్తే ఏం చేస్తుందో అదే చేసింది. లంకవాళ్ళ సామాన్లలో పొత్రం తీసి మూత మీద పెట్టింది. ఆవిరి ఆగింది. “ఆ, ఇప్పుడు బాగుంది” అనుకుంటూ పక్కనే కూర్చుంది.

కాగు పగిలేసరికి జనమంతా ఒడ్డు మీదే ఉన్నారు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. నా చెయ్యి ఆవిణ్ణి బయటికి లాగినప్పుడు కాలింది. మర్నాడు తెల్లారేదాకా ప్రాణంతో ఉంది.

లంకలో మిగిలినవాళ్ళని దొరబాబు గారి పంట్లు ప్రాణాలకి తెగించి తెచ్చేయి. వరదలో ఎండు కట్టె ఎక్కడా దొరక్కపోతే తన పాత పంటు ఒకటి పగలగొట్టించి చితికి ఇచ్చింది ఆయనే. పులసలు ఆయనకి పంపేనంటే అందుకు. వండే చెయ్యి లేని ఇంట్లో వాటిని ఏం చేసుకోను?

ఆ రోజే నీకు కబురు పంపితే నువ్వు ఎవరు ఆపినా ఆగకుండా ఏట్లో పడతావని భయపడ్డాను. మీ నాన్నని మింగిన ఏరు, మీ అక్కని పొట్టన పెట్టుకున్న ఏరు. మూడో ప్రాణం దానికి ఇవ్వకూడదనుకున్నాను. తరవాత వరద తీసింది గాని నాకు నోరు రాలేదు. పొట్టిక్కల కుండ అని నువ్వు చెప్పిన మాట నాకు గుర్తుంది. నీకు అది గుర్తు రాకూడదనుకున్నాను. నువ్వే పులసల ఉత్తరంలో ఆ మాట రాసి పంపితే, చదివి ఆ పూట పడవ తియ్యలేకపోయేను.

పుట్టింటి చీర లేకుండానే కాటికి పంపేను. పైడమ్మ తన చీర తెచ్చి “తమ్ముడి పేరున” అని కప్పింది. అది నా తప్పు. దానికి నువ్వు ఏం శిక్ష వేసినా సరే.

పోయేముందు మీ అక్క నీ మాట ఎత్తింది. “నా తమ్ముడి మీద నాకు ఏ కోపమూ లేదు, వాణ్ణి బెంగపడొద్దనండి, చల్లగా బతకమనండి” అంది.

చీర వీరవేణి తీసుకుంది. అమ్మది అని చెప్పి దాని మీదే పడుకుంటోంది. ఇవ్వమంటే ఇవ్వడం లేదు.

అప్పలస్వామి


ధవళేశ్వరం,
అక్టోబరు 3.

తమ్ముడు బతికుండగా మా అక్కని ఇంకొకరి చీర కప్పి పంపేరు.

ఇక్కడ నేను చక్రాలకి చమురు రాసుకుంటున్నాను. కూలివాళ్ళతో పేకాడేను. చవితికి మేస్త్రీ ఇంట్లో విస్తరి ముందు కూర్చుని బూరెలు తిన్నాను. మా అక్క పోయి మైల కూడా తీరిపోయిందప్పటికి. మీకు ఇంజను బురదలో పారెయ్యడానికి మనుషులు దొరికేరు, నాకు కబురు పెట్టడానికి దొరకలేదు. ఏట్లో పడతానన్నారు. పడేవాణ్ణే. పడితే పడేవాణ్ణి. అది నా సంగతి. నా తరఫున మీరెవరు తేల్చడానికి?

ఇస్సాకు మీ ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోలేదు. చదివిందాకా కూర్చున్నాడు. అంతకుముందు నవ్వినందుకు నా కాళ్ళు పట్టుకోబోయేడు. అతన్నేమీ అనలేదు. ఇంజను చూసి నవ్వేడు, అంతే. అతనికేం తెలుసు?

అర్జీ చింపేసేను. దొరబాబు గారి దగ్గరకి వెళ్ళి, జగ్గయ్య మీకు దండం పెట్టమన్నాడని చెప్పండి. ఎందుకో చెప్పొద్దు.

బావగారూ, కుండ అన్నది నేనే. కుండ అంటే మూత ఉంటుంది, మూత లేస్తే రాయి పెడతారు. ఆ రాయి పెట్టి ఉడికించిన పొట్టిక్కలు తినే ఇంతవాణ్ణయ్యేను. చిన్నప్పుడు ఆ పొత్రం ఎత్తి అక్కకి అందించినవాణ్ణి కూడా నేనే. అంత తెలిసీ ఇది అదేనే అన్నాను. ఈ ఒక్కటీ అది కాదని చెప్పలేదు. చెప్పాలని తట్టనేలేదు. “ఓస్, ఇంతేనా” అని ఆవిడ అంటుంటే నాకు ఎంత గొప్పగా అనిపించిందో! అక్క ఏ తప్పూ చెయ్యలేదు. నేను చెప్పినట్టే చేసింది. మీరు దాన్ని నా దగ్గర దాచడానికి కట్టె ఎక్కువేసేనని నెత్తినేసుకున్నారు. దానికి మీకు దండం పెట్టాలి. చెయ్యి పైకి లేవడం లేదు. మీ మీద కోపం అలాగే ఉంది. తిప్పి ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక మీ మీదే ఉంచుతున్నాను.

ఇక్కడ ఇంజన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కొక్క మూత లేచినప్పుడల్లా చెవులు మూసుకుంటున్నాను. 

చీర వీరవేణి దగ్గరే ఉండనివ్వండి. లాక్కోవద్దు. ఉతకొద్దు కూడా, అది ఇచ్చేదాకా.

ఇంజను నాకొద్దు. పడవ నాకొద్దు. మీరు ఉంచుకున్నా సరే, తగలబెట్టినా సరే. వాటి గురించి ఇంకో ఉత్తరం రాయను. ఒకటి మాత్రం మీ దగ్గర ఉండిపోయింది, అది నాది.

పోయేముందు అక్క అలా అందని రాసేరు చూడండి, కోపం లేదని, చల్లగా బతకమని. అబద్ధం. ఆ మాటలు మీవి. మంచివాళ్ళు మీరు, మంచి మాటలు కుట్టేరు. మా అక్క నోట్లో అలాంటి మాట నేను పుట్టేక వినలేదు. జ్వరం వస్తే “చావు, గంజి కూడా తాగకుండా చావు” అంటూ తాగించేది. నేను మొదటిసారి ధవళేశ్వరం బయల్దేరినప్పుడు “ఎల్లిపో ఎదవా, మళ్ళీ నీ మొహం చూపించకు” అని, కాలవ మలుపు తిరిగేదాకా గట్టునే పరిగెత్తింది. ఒళ్ళంతా కాలి, తెల్లవార్లూ పడుకుని, నన్ను ఒక్క మాట కూడా అనకుండా పోయిందంటే నేను నమ్మను. తిట్టే ఉంటుంది. పేరు పెట్టి తిట్టి ఉంటుంది. మీరు పక్కనే కూర్చుని విన్నారు.

ఆ తిట్టు నాకు పంపండి. ఆవిడ ఎలా అందో అలాగే, బూతు ఉంటే బూతుతో సహా, మీ మంచితనం ఒక్క చుక్క కూడా కలపకుండా. ఇన్నాళ్ళూ నా వాళ్ళ కబుర్లన్నీ మీరు వడకట్టి ఇచ్చింది చాలు. ఇది నాకోసం అన్నది, నేను మోసుకోవలసింది.

ఈ ఉత్తరం తెచ్చిన ఇస్సాకు ఆశ్వయుజ పౌర్ణమి దాకా మీ రేవులోనే పడవ కట్టుకుని ఉంటాడు. అతని చేతికివ్వండి. పౌర్ణమి దాటితే తెగిన గట్ల మీద నడిచైనా వస్తాను, రేవులో జనమంతా వింటుండగా అడుగుతాను.

జగ్గయ్య